విగ్గు పెట్టుకున్న అమెరికా కేసు

2009 ఫిబ్రవరి 23న బ్రిటన్‌లోని ఐటీవీ ఛానల్‌లో 'లా అండ్ ఆర్డర్: యూకే' మొదలైంది. మొదటి ఎపిసోడ్‌లో ఆస్పత్రి దగ్గర ఓ సంచిలో పసిబిడ్డ శవం దొరుకుతుంది. ఆ బిడ్డ ఎవరిదో, ఎలా పోయాడో ఆరా తీస్తూ ఇద్దరు లండన్ డిటెక్టివులు అద్దె ఇళ్ల దాకా వెళ్తారు. లండన్ ప్రేక్షకులకు ఇది కొత్త కథ. అమెరికన్లు మాత్రం దీన్ని 1992లోనే, న్యూయార్క్ కథగా చూసేశారు. ఐటీవీ కొన్నది అమెరికా సీరియల్ 'లా అండ్ ఆర్డర్' పేరు ఒక్కటే కాదు, దాని పాత స్క్రిప్టులను కూడా.

మామూలుగా ఈ వ్యాపారం ఇటు నుంచి అటు సాగుతుంది. బ్రిటన్‌లో ఆడిన క్రైమ్ సీరియల్‌ను అమెరికా కొనుక్కుని తన యాసలో మళ్లీ తీసుకుంటుంది. 1997లో 'క్రాకర్', 2008లో 'లైఫ్ ఆన్ మార్స్' అలా వెళ్లినవే. రెండూ అక్కడ ఎక్కువ కాలం నిలబడలేదు. ఎదురు దిశలో వచ్చినవి చాలా తక్కువ. అమెరికా సీరియల్ కావాలంటే దాన్నే నేరుగా వేసుకోవచ్చు కదా, భాష ఎలాగూ ఒకటే. మరి ఇంత ఖర్చు పెట్టి మళ్లీ తీయడం ఎందుకు? భాష ఒకటే అయినా కోర్టు ఒకటి కాదు. అసలు చిక్కంతా అక్కడే.

ముందు అమెరికా సంగతి. 1980ల చివర్లో అక్కడ గంట నిడివి డ్రామాలకు పునఃప్రసార మార్కెట్‌లో గిరాకీ లేదు, అరగంట కామెడీలే అమ్ముడుపోయేవి. నిర్మాత డిక్ వుల్ఫ్ ఆ గంటను నడిమికి కోశాడు. మొదటి సగం పోలీసులది, రెండో సగం ప్రాసిక్యూటర్లది. అవసరమైతే రెండు అరగంటలుగా అమ్ముకోవచ్చు. అమ్మకం ఆలోచన పక్కకు పోయినా ఆ కోత మాత్రం అలాగే నిలిచింది. 1990 సెప్టెంబరులో ఎన్‌బీసీ ఛానల్‌లో మొదలైన ఆ 'లా అండ్ ఆర్డర్' 2010 నాటికి 20 సీజన్లు, 456 ఎపిసోడ్లు పూర్తి చేసుకుంది.

ఈ నిర్మాణం నిలబడాలంటే రెండో సగానికి ఓ హీరో ఉండాలి. డిటెక్టివులను ఆఫీసుకు పిలిపించి 'ఈ సాక్ష్యంతో నేను కోర్టుకెళ్లలేను' అనగలిగే సర్కారు లాయరు కావాలి. మాన్‌హాటన్‌లో అలాంటివాడు ఉన్నాడు: ఓట్లతో గెలిచిన డిస్ట్రిక్ట్ అటార్నీ, ఆయన కింద అసిస్టెంట్లు. ఇంగ్లండ్‌లో 1986 దాకా అలాంటి వ్యవస్థే లేదు. పట్టుకునేది పోలీసులు, ఛార్జ్ పెట్టేది పోలీసులు, కేసు నడిపించేదీ చాలావరకు పోలీసులే. (మన దగ్గర 1973 నాటి సీఆర్పీసీయే, పోలీసు అధికారిని మామూలుగా అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా పెట్టకూడదని చెప్పింది. ఈ ఒక్క విషయంలో దొరలకంటే మనమే ముందున్నాం.)

ఆ పద్ధతి మారడం వెనుక ఓ చేదు కథ ఉంది. 1972లో దక్షిణ లండన్‌లో జరిగిన మ్యాక్స్‌వెల్ కాన్ఫెయిట్ హత్య కేసులో ముగ్గురు కుర్రాళ్లకు శిక్ష పడింది. ఆధారం, పోలీసుల ముందు వాళ్లు ఇచ్చిన వాంగ్మూలాలు. 1975లో అప్పీల్ కోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. దానిపై విచారణ, ఆ వెంట ఓ రాయల్ కమిషన్, 1981లో దాని నివేదిక వచ్చాయి. దర్యాప్తు చేసినవాళ్లే కేసు నడపకూడదని కమిషన్ చెప్పింది. 1985లో చట్టం వచ్చింది, 1986లో సర్కారు తరఫున కేసులు నడిపే క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ పని మొదలుపెట్టింది.

సరిగ్గా ఆ చర్చ నడుస్తున్నప్పుడే, 1978లో, బీబీసీలో జీఎఫ్ న్యూమన్ రాసిన నాలుగు భాగాల డ్రామా వచ్చింది. దాని పేరు కూడా 'లా అండ్ ఆర్డరే'! డిక్ వుల్ఫ్ సీరియల్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. డిటెక్టివు, నేరస్తుడు, లాయరు, ఖైదీ, ఒక్కో భాగం ఒక్కొక్కరి వైపు నుంచి. సాక్ష్యాలు పుట్టించే పోలీసులను చూపించినందుకు పెద్ద గొడవే అయింది. 2009లో వచ్చిన సీరియల్‌లో పోలీసులు మొత్తమ్మీద మంచివాళ్లే. ఆ పేరుకు బ్రిటన్‌లో ఇంత చరిత్ర ఉండగా ఇంత మర్యాదగా తీయడం నాకైతే కొంచెం చప్పగానే అనిపిస్తుంది.

క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీసు వచ్చాక కూడా ఛార్జ్ పెట్టే అధికారం పోలీసుల దగ్గరే ఉండిపోయింది. పెద్ద కేసుల్లో ఆ నిర్ణయం ప్రాసిక్యూటర్ల చేతికి వచ్చింది 2003 చట్టంతోనే. అంటే ఈ అమెరికా అచ్చులో పట్టేలా ఇంగ్లండ్ చట్టమే మెల్లగా మారుతూ వచ్చింది. 1990లో ఇదే పని తలపెట్టి ఉంటే, డిటెక్టివుతో వాదించడానికి లాయరు పాత్ర దొరికేది కానీ, ఆయన మాట చెల్లేది కాదు.

ఐటీవీ కోసం దీన్ని మలిచిన రచయిత క్రిస్ చిబ్‌నల్. పాత్రల జాడ సులువుగానే కనిపెట్టొచ్చు. న్యూయార్క్ ప్రాసిక్యూటర్ స్టోన్, లండన్‌కు వచ్చేసరికి స్టీల్ అయ్యాడు. రాయి కాస్తా ఉక్కయిందన్నమాట! తాగుడు మానేసిన పెద్ద డిటెక్టివు బ్రిస్కో ఇక్కడ రోనీ బ్రూక్స్. ఆ వేషం వేసిన బ్రాడ్లీ వాల్ష్ ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆటగాడు, తర్వాత కమెడియన్. ఈ సీరియల్ వచ్చిన ఏడాదే 'ది ఛేజ్' క్విజ్ షో నడపడం కూడా మొదలుపెట్టాడు.

కోర్టు సీన్లకు వస్తే మార్పులు వేలు పెట్టి చూపించొచ్చు. అమెరికా లాయరు జ్యూరీ ముందు పచార్లు చేస్తాడు, బల్ల మీద చెయ్యి ఆనించి సాక్షి కళ్లలోకి చూస్తాడు. ఇంగ్లండ్ బారిస్టర్ తన వరసలోనే నిలబడి మాట్లాడాలి, నెత్తిన గుర్రపు వెంట్రుకల విగ్గుతో. ముద్దాయి తన లాయరు పక్కన కాదు, వెనకాల బోనులో కూర్చుంటాడు. జడ్జి చేతిలో చెక్క సుత్తి ఉండదు. (మన సినిమా జడ్జి 'ఆర్డర్ ఆర్డర్' అంటూ కొట్టే సుత్తి కూడా మన కోర్టుల్లో లేదు.) శిక్ష తగ్గిస్తానని ప్రాసిక్యూటర్ మాటివ్వలేడు, అది జడ్జి చేతిలోది. గదిలో కూర్చుని బేరమాడటం అమెరికా స్క్రిప్టులకు ప్రాణం కాబట్టి, ఇక్కడ ఆ సీన్లు చాలా జాగ్రత్తగా రాసుకోవాల్సిందే.

ఒక్కచోట మాత్రం సీరియల్ వాస్తవాన్ని పక్కన పెట్టింది. పెద్ద హత్య కేసుల్లో ప్రాసిక్యూషన్ సర్వీసు వాళ్లు మామూలుగా బయటి బారిస్టర్‌కు కేసు అప్పగిస్తారు. తెర మీద మాత్రం ఆఫీసులో వాదించే స్టీలే కోర్టులోనూ వాదిస్తాడు. అలా చేయకపోతే కథ ముగ్గురు లాయర్ల మధ్య చీలిపోయేది. అది క్షమించదగ్గ అబద్ధమే.

2014 జూన్‌లో 53వ ఎపిసోడ్‌తో సీరియల్ ఆగిపోయింది. వాల్ష్ తప్పుకోవాలనుకున్నాడు, ఐటీవీ కూడా కొనసాగించలేదు. ఈలోగా చిబ్‌నల్ ఐటీవీకే 'బ్రాడ్‌చర్చ్' రాశాడు, అది పెద్ద హిట్టయింది. 2014 అక్టోబరులో అమెరికా ఛానల్ ఫాక్స్ దాన్ని 'గ్రేస్‌పాయింట్' పేరుతో మళ్లీ తీసి వేసింది. హీరో అక్కడా ఇక్కడా డేవిడ్ టెన్నెంటే, కాకపోతే ఈసారి అమెరికన్ యాసలో. పది ఎపిసోడ్లతో అదీ ముగిసింది.