మంచిగున్నప్పుడే దవాఖానకు

చిట్టికీ, బాబుకూ దేవరకొండ నుంచి తాత ఆశీస్సులు.

“మన కుక్క బంటి మంచిగనే తింటుంది, ఉరుకుతుంది. పసుల దవాఖానకు ఎందుకు తాతా? ఏమన్నా అయితే ఎక్స్‌రే తీస్తే తెలుస్తది కదా?” అని అడిగిన్రు.

అన్నీ తెలువయి బిడ్డా. ఎక్స్‌రేలో ఎముక, రాయి, మింగిన రూపాయి బిళ్ల తెల్లగ కనబడతయి. గాలి నల్లగుంటది. మాంసం, రక్తం, నీళ్లు అన్నీ ఇంచుమించు ఒక్కతీరు బూడిదరంగే. బాబు సాక్సు బంటి మింగిందనుకో, సాక్సు కనబడదు. అది అడ్డంపడితే వెనక పేగు గాలితో ఉబ్బుతది, ఆ ఉబ్బును చూసి డాక్టరు పసిగడతడు. స్కానింగ్ వేరే. అది శబ్ద తరంగాలతో చూస్తది, గాలిని దాటి పోలేదు. బొచ్చు సందుల గాలి ఉంటది, అందుకే పొట్ట మీది బొచ్చు గొరిగి జెల్ రాస్తరు. బొచ్చు పోయిందని చిట్టి ఏడువొద్దు, మళ్లొస్తది. కడుపుతోని ఉన్న కుక్కకు నాలుగో వారానికే పిల్లల గుండె కొట్టుకునుడు స్కానింగ్‌ల కనబడతది. ఎన్ని పిల్లలో లెక్కబెట్టాలంటే మాత్రం ఎక్స్‌రేనే మేలు, అదీ 45 రోజులు దాటి వాటి ఎముకలు గట్టిపడ్డంకనే.

ఇగ రేబిస్ సంగతి. ఏ ఫిల్ములోనూ అది దొరకదు. లక్షణాలు బయటపడ్డంక కుక్కకైనా మనిషికైనా ప్రాణం దక్కుడు దాదాపు ఉండదు. అందుకే మూడు నెలలు నిండంగనే సూది, ఏడాదికి మళ్లొకటి, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు. 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ దగ్గర మొదటి సూది వేయించుకున్న జోసెఫ్ మీస్టర్ తొమ్మిదేండ్ల పిలగాడు, మీ ఈడువాడే. కుక్క కరిస్తే కారం, సున్నం పెట్టమనే పెద్దమనుషులు మన దిక్కు ఇంకా ఉన్నరు. నా ఈడువాళ్లే చెప్పినా వినకుండ్రి. నల్లా కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే సర్కారు దవాఖానకు పోవాలె.

పార్వో అని కుక్కపిల్లలకు వచ్చే పేగుల రోగం కూడా అంతే. రక్తవిరేచనాలు మొదలైనంక టీకా పనికిరాదు, సెలైన్ పెట్టి కూసోవుడే. 6–8 వారాలకు మొదలుపెట్టి 16 వారాలు నిండేదాక ఎందుకు అన్నిసార్లు వేస్తరంటే, తల్లి ముర్రుపాలతో వచ్చిన రక్షణ ఉన్నన్నాళ్లు టీకాను పట్టనియ్యదు. ఆ రక్షణ ఏ పిల్లకు ఏ వారం తగ్గుతదో పైకి తెలువదు.

రోజూ మీరు చేసే పని ఒకటుంది. చెవుల వెనక, కాలివేళ్ల సందులల్ల గోమార్లున్నయా చూడుండ్రి, పెదవి లేపి చిగుళ్లు చూడుండ్రి. గులాబీ రంగులుంటే మంచిది, తెల్లగ పాలిపోతే అదే రోజు చూపియ్యాలె, గోమార్ల జ్వరం కావొచ్చు. మన జ్వరం గోళీలు మాత్రం వెయ్యొద్దు, అవి దానికి విషమైతయి.

దసరాకు వచ్చేటప్పుడు బంటి టీకాల కార్డు తెండ్రి, అమ్మ ఏ తారీఖు రాయించిందో చూస్త.

మీ తాత