విటమిన్ డి ఒక్కటే చాలదు

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో ఇద్దరూ ఒకటే అడిగారు: "పెద్దమ్మా, పీసీఓఎస్ అన్నారు, విటమిన్ డి కూడా తక్కువట. అది వేసుకుంటే పీరియడ్స్ సరిగ్గా వచ్చేస్తాయా?" రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే రాస్తున్నాను. పీసీఓఎస్ అంటే అండాశయాల హార్మోన్లు అదుపు తప్పి, పీరియడ్స్ గాడి తప్పే సమస్య.

అన్నం తిన్నాక రక్తంలో చేరే చక్కెరను కండరాలు తీసుకునేలా చేసేది ఇన్సులిన్. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో కండరాలు దాని మాట సరిగ్గా చెవిన పెట్టవు. దాంతో క్లోమం ఇంకా గట్టిగా అరుస్తుంది, అంటే ఇన్సులిన్ ఎక్కువగా వదులుతుంది. చిక్కేమిటంటే, అండాశయాలకు చెవుడు లేదు! ఆ అరుపుకి అవి టెస్టోస్టెరాన్ లాంటి హార్మోన్లు మోతాదు మించి తయారుచేస్తాయి. వాటిని రక్తంలో పట్టి ఉంచే ప్రోటీన్‌ని కాలేయం తగ్గించేస్తుంది, దాంతో అవి ఇంకా విచ్చలవిడిగా తిరుగుతాయి. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, నెలలు దాటిపోయే పీరియడ్స్ చాలావరకు దీని పుణ్యమే. సన్నగా ఉన్నవాళ్ళకీ ఇది రావచ్చు. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారితే సున్నిపిండి పెట్టి రుద్దకండి. అది మురికి కాదు, ఇన్సులిన్ పెరిగిందనడానికి గుర్తు కావచ్చు. పరగడుపు షుగర్ నార్మల్ వచ్చిందని ధీమా పడొద్దు, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూసే పరీక్ష ఉంది, అడగండి.

ఇక విటమిన్ డి. రిపోర్టులో 20 ng/mL కన్నా తక్కువుంటే లోపం అంటారు. అది తక్కువున్నవాళ్ళలో ఇన్సులిన్ గొడవ ఎక్కువగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఒంట్లో కొవ్వు ఎక్కువైతే డి అందులోకి పోయి రక్తంలో తగ్గుతుంది, ఆ కొవ్వే ఇన్సులిన్‌నీ ఇబ్బంది పెడుతుంది. ఏది దేనివల్ల అని తేల్చడం కష్టం. డి ఇచ్చి చూసిన పరిశోధనల్లో కొన్నిటిలో ఇన్సులిన్ పనితీరు కాస్త మెరుగైంది, కొన్నిటిలో ఏమీ లేదు. లోపం ఉంటే ఎముకల కోసమైనా వేసుకోవాల్సిందే. అంతేగాని నడకకో, ఇన్సులిన్ మాట ఒంటికి వినిపించేలా డాక్టర్ రాసిన మెట్‌ఫార్మిన్ మాత్రకో అది బదులు కాదు.

పొద్దున్నే లేత ఎండలో కూర్చుంటే చాలనుకుంటారు మనవాళ్ళు. డి తయారుచేసే కిరణాలు ఆ వేళ చాలా తక్కువ, కిటికీ అద్దం దాటి అసలు రావు. మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నప్పుడే పని జరుగుతుంది. మన ఎండల్లో కాసేపు చాలు, మాడిపోనక్కర్లేదు.

60,000 యూనిట్ల విటమిన్ డి పొడి ప్యాకెట్ మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి తాగకండి. కాల్షియం పెరిగి వాంతులవుతాయి, కిడ్నీలకీ ముప్పే. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేటప్పుడు పోయిన ఆరు నెలల పీరియడ్ తేదీలు కాగితం మీద రాసుకెళ్ళండి. ఆవిడ మొదట అడిగేది అవే.

మీ పెద్దమ్మ