క్రోనోగ్రాఫ్ వాచీ కొనేముందు: రిపేరు బల్ల దగ్గర నేను రోజూ వినే అపోహలు

సికింద్రాబాద్‌లో మాది చిన్న వాచీ రిపేరు షాపు. నాన్న హెచ్.ఎం.టి. వాచీలకు ఆయిలింగ్ చేసిన బల్ల మీదే ఇరవై ఆరేళ్ళుగా నేనూ పని చేస్తున్నాను. నాన్న రోజుల్లో క్రోనోగ్రాఫ్‌లు, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉండే వాచీలు, ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. ఇప్పుడు వారానికి మూడు నాలుగు వస్తున్నాయి. కొన్నవాళ్ళతో పాటు కొనబోయేవాళ్ళూ వస్తున్నారు. మొన్న గచ్చిబౌలి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి వచ్చాడు. ఫోన్‌లో ఫోటో చూపించి, "అంకుల్, సెకండ్ హ్యాండ్‌లో నాలుగున్నర లక్షలు అంటున్నారు. తీసుకోవచ్చా?" అని అడిగాడు.

"ఎందుకు కొనాలనుకుంటున్నావు బాబూ?" అన్నాను. అతను చెప్పిన కారణాల్లో సగానికి పైగా నేను అందరి దగ్గరా వినేవే, నిజం కానివే. వాటి గురించే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: క్రోనోగ్రాఫ్ అంటే చాలా కచ్చితంగా టైమ్ చూపించే వాచీ

అది క్రోనోమీటర్. పేర్లు దగ్గరగా ఉండటంతో వచ్చిన తికమక ఇది. క్రోనోమీటర్ అంటే కచ్చితత్వ పరీక్ష పాసైన వాచీ. స్విట్జర్లాండ్‌లో సి.ఓ.ఎస్.సి. అనే సంస్థ ఒక్కో మెషిన్‌ను 15 రోజులు, ఐదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో పెట్టి చూస్తుంది. రోజుకు సగటున 4 సెకండ్ల ఆలస్యం నుంచి 6 సెకండ్ల ముందు దాకా ఉంటేనే సర్టిఫికెట్ ఇస్తుంది. క్రోనోగ్రాఫ్ అంటే స్టాప్‌వాచ్ కలిపిన వాచీ, అంతే. ఒకే వాచీ రెండూ కావచ్చు, ఏదో ఒకటే కావచ్చు. టైమ్ కచ్చితంగా ఉండటమే మీకు కావాలంటే బ్యాటరీతో నడిచే రెండు వేల రూపాయల క్వార్ట్జ్ వాచీ వీటన్నిటికన్నా బాగా నడుస్తుంది.

అపోహ: ఇన్‌హౌస్ మెషిన్ ఉంటేనే అసలైన లగ్జరీ

ఇన్‌హౌస్ అంటే వాచీ లోపలి మెషిన్ ఆ కంపెనీయే సొంతంగా తయారు చేసుకోవడం. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ క్రోనోగ్రాఫ్ చరిత్ర తీసి చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది.

1969లో చంద్రుడి మీదకు వెళ్ళిన ఒమేగా స్పీడ్‌మాస్టర్‌లో ఉన్నది 321 అనే మెషిన్. దాని మూలం మెషిన్లు తయారుచేసే లెమానియా అనే కంపెనీ డిజైన్. అదే మూలం నుంచి వచ్చిన మెషిన్‌ను పటేక్ ఫిలిప్ తన అత్యంత ఖరీదైన క్రోనోగ్రాఫ్‌లలో ఏళ్ళ తరబడి వాడింది. 1963లో వచ్చిన రోలెక్స్ డేటోనాలో ఉన్నది వాల్‌జూ అనే బయటి కంపెనీ మెషిన్. 1988లో డేటోనా ఆటోమేటిక్ (చేతి కదలికకు తనే కీ ఇచ్చుకునే రకం) అయినప్పుడు కూడా జెనిత్ కంపెనీ ఎల్ ప్రిమెరో మెషిన్ తీసుకుని, మార్పులు చేసి పెట్టారు. రోలెక్స్ సొంత క్రోనోగ్రాఫ్ మెషిన్ డేటోనాలోకి వచ్చింది 2000లోనే.

ఎల్ ప్రిమెరో సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పాలి. 1969లో వచ్చిన తొలి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌లలో అదొకటి. క్వార్ట్జ్ వాచీల దెబ్బకి 1975లో జెనిత్‌కు అమెరికాలో ఉన్న యాజమాన్యం మెకానికల్ మెషిన్ల, అంటే బ్యాటరీ లేకుండా స్ప్రింగుతో నడిచేవాటి, తయారీ ఆపేయమంది. షార్ల్ వెర్మో అనే ఉద్యోగి ఆ మెషిన్ తయారీకి కావలసిన పనిముట్లు, డ్రాయింగులు ఫ్యాక్టరీ అటకమీద దాచిపెట్టాడు. పదేళ్ళ తర్వాత మళ్ళీ తయారీ మొదలైందంటే ఆయన దాచినవాటి వల్లే. ఆ మెషిన్ విప్పిన ప్రతిసారీ నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఇక వాల్‌జూ 7750. 1970ల మొదట్లో తయారైన ఈ ఆటోమేటిక్ మెషిన్ బ్రైట్‌లింగ్, ఐ.డబ్ల్యు.సి., ట్యాగ్ హ్యూయర్ లాంటి పెద్ద పెద్ద పేర్లున్న వాచీల్లో కనిపిస్తుంది. కొందరు దాన్ని మామూలు మెషిన్ అని తీసిపారేస్తారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. గట్టి మెషిన్, విడిభాగాలు దొరుకుతాయి, పని తెలిసిన ఏ మెకానిక్ అయినా బాగుచేయగలడు. ఇన్‌హౌస్ మెషిన్ అయితే విడిభాగాలు ఆ కంపెనీ దగ్గరే ఉంటాయి. చాలా లగ్జరీ కంపెనీలు వాటిని బయటి రిపేరువాళ్ళకు ఇవ్వవు. అంటే రేపు ఏం జరిగినా మీరు వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి, వాళ్ళు చెప్పిన రేటే కట్టాలి. అది తెలిసి కొంటే తప్పు లేదు.

అపోహ: ఇంత ఖరీదు పెట్టాం కదా, సర్వీసు అక్కర్లేదు

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

రెండేళ్ళ క్రితం ఒకాయన తన ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ తెచ్చారు. పెళ్ళికి మామగారు పెట్టిన వాచీ. పద్నాలుగేళ్ళు చేతికే ఉంది, ఒక్కసారి కూడా విప్పలేదు. "బంగారంలా నడిచింది సార్, నెల నుంచే ఆగిపోతోంది" అన్నారు. తెరిచి చూస్తే ఆయిల్ పూర్తిగా ఎండిపోయి ఉంది. ఎండిన చోట లోహం లోహాన్ని తింటూ తిరిగింది. నల్లటి పొడి రాలి ఉంది. నడిచినన్నాళ్ళూ అరుగుతూనే నడిచిందన్నమాట. ఆ కంపెనీ విడిభాగాలు బయట దొరకవు. సర్వీస్ సెంటర్‌కు పంపితే వాచీని స్విట్జర్లాండ్ పంపాలన్నారు. అయిదు నెలలు పట్టింది. బిల్లు చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మామగారు ఇప్పుడు లేరు కాబట్టి కట్టేశారు.

మూడు ముళ్ళ మామూలు వాచీ సర్వీసుకీ, క్రోనోగ్రాఫ్ సర్వీసుకీ చాలా తేడా ఉంది. ఇక్కడ వాచీ మీద ఇంకో యంత్రం కూర్చుని ఉంటుంది. మీరు రీసెట్ బటన్ నొక్కగానే ముల్లు ఎక్కడున్నా సరే టక్కున సున్నాకి వస్తుంది కదా. లోపల గుండె ఆకారంలో ఒక చిన్న ముక్క ఉంటుంది. దాని మీద సుత్తి లాంటి భాగం దెబ్బ కొడుతుంది. ఆ ఆకారం వల్ల దెబ్బ ఎక్కడ పడినా అది తిరిగి ఒకే చోటికి వచ్చి ఆగుతుంది. అడాల్ఫ్ నికోల్ అనే ఆయన 1844లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. ఈ రోజు కొన్న కొత్త మెకానికల్ క్రోనోగ్రాఫ్‌లో ఉన్నదీ అదే ఆలోచన. నూట ఎనభై ఏళ్ళుగా దాన్ని మించినది రాలేదు.

ఆ దెబ్బకు ముల్లు జారకూడదు. అందుకే దాన్ని బిగుతుగా, సరిగ్గా సున్నా మీద కూర్చోబెట్టాలి. పదేపదే పీకి పెడితే వదులైపోతుంది. ఒక్కటే అవకాశం అనుకుని పెట్టాలి. సుత్తులు, బ్రేకు, స్టాప్‌వాచ్‌ని మెషిన్‌తో కలిపే క్లచ్ ఒకదానితో ఒకటి కుదిరే దాకా సర్దాలి. ఒక్కో వాచీకి నాకు రెండు రోజులు పడుతుంది, తర్వాత వారం రోజులు పరిశీలనలో పెడతాను. పని ఇంత ఉంటుంది కాబట్టే కంపెనీ సర్వీసు బిల్లు పదుల వేలల్లో వస్తుంది.

ఎన్నేళ్ళకోసారి చేయించాలి? ఒమేగా 5 నుంచి 8 ఏళ్ళు అంటుంది, రోలెక్స్ సుమారు 10 ఏళ్ళు అంటుంది. మన ఉక్కపోత, చెమట, దుమ్ము చూసి నేనైతే నీళ్ళు దూరకుండా ఆపే రబ్బరు గ్యాస్కెట్లు మాత్రం రెండేళ్ళకోసారి చూపించుకోమంటాను. ఇరవై ఏళ్ళు వాడాలనుకుంటే కనీసం రెండు పెద్ద సర్వీసులు. ఆ డబ్బు కూడా కలిపి లెక్క వేసుకున్నాకే వాచీ ధర ఎంతో తెలుస్తుంది. ఆ మొత్తం చూసి గుండె ఝల్లుమంటే, మీ బడ్జెట్‌కి ఆ వాచీ ఎక్కువే.

అపోహ: వాచీ రేటు పెరుగుతూనే ఉంటుంది, ఇది బంగారం లాంటి పెట్టుబడి

2017 అక్టోబరులో న్యూయార్క్‌లో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ వాడిన డేటోనా వేలంలో ఒక కోటీ 77 లక్షల డాలర్లు పలికింది. ఆ వార్త చదివినవాళ్ళందరికీ క్రోనోగ్రాఫ్ అంటే లాటరీ అనిపించింది. కానీ అక్కడ కొన్నది వాచీని మాత్రమే కాదు. ఆయన భార్య బహుమతిగా ఇచ్చి, వెనక "జాగ్రత్తగా నడుపు" అని చెక్కించిన వాచీ అది. మీరూ నేనూ కొనేది అలాంటిది కాదు.

2021లో, 2022 మొదట్లో సెకండ్ హ్యాండ్ రేట్లు ఆకాశానికి వెళ్ళాయి. 2022 వేసవి నుంచి దిగడం మొదలైంది. శిఖరం మీద కొన్నవాళ్ళు నా దగ్గరికి వచ్చి, "ఎవరైనా తీసుకుంటారా?" అని అడిగారు. షోరూమ్ రేటు కన్నా ఎక్కువకు అమ్ముడయ్యే మోడళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మిగతా చాలా లగ్జరీ క్రోనోగ్రాఫ్‌లు బిల్లు కట్టి బయటికి వచ్చిన రోజే విలువ కోల్పోతాయి.

బంగారంతో పోల్చడంలోనే తప్పుంది. బంగారాన్ని ఏ ఊళ్ళోనైనా తూకం వేసి, ఆ రోజు రేటు చెప్పి తీసుకుంటారు. అవసరానికి బ్యాంకులో తాకట్టు పెట్టచ్చు. వాచీకి ఆ సౌకర్యం లేదు. కొనేవాడు దొరకాలి, వాడు మిమ్మల్ని నమ్మాలి, గీతలు చూసి బేరమాడతాడు. పాలిష్ చేయిస్తే గీతలు పోతాయి కదా అంటారు. అతిగా పాలిష్ చేస్తే కేసు అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, తెలిసినవాళ్ళు ఇంకా తగ్గిస్తారు. పిల్లల చదువుకు దాచిన డబ్బుతో వాచీ కొని పెట్టుబడి అనుకోవద్దు. ఇది మాత్రం దండం పెట్టి చెబుతాను.

అపోహ: అమెరికా నుంచో దుబాయ్ నుంచో చేతికి పెట్టుకుని వస్తే కస్టమ్స్ ఉండదు

కొత్తగా కొన్న ఖరీదైన వాచీ చేతికున్నా పెట్టెలో ఉన్నా ఒకటే. అనుమతించిన విలువ దాటితే ఎయిర్‌పోర్టులో ప్రకటించి సుంకం కట్టాలి. శంషాబాద్‌లో ఆపితే బిల్లు అడుగుతారు. చెప్పకుండా దాటబోతే వాచీ స్వాధీనం, జరిమానా. బావగారితోనో మరదలితోనో తెప్పించి వాళ్ళను ఇబ్బంది పెట్టొద్దు.

పైగా అక్కడికీ ఇక్కడికీ రేట్ల తేడా కూడా తగ్గుతోంది. స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా అనే కూటమి దేశాలతో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, స్విస్ వాచీల దిగుమతి సుంకం దశలవారీగా తగ్గుతుంది. ఇక్కడ షోరూమ్‌లో కొనేవాళ్ళు గుర్తుంచుకోవలసింది: 2 లక్షలు దాటితే పాన్ ఇవ్వాలి. 10 లక్షలు దాటిన వాచీ మీద 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టి.సి.ఎస్. (అమ్మేవాళ్ళే ముందుగా తీసుకునే పన్ను) వసూలు చేస్తున్నారు, దాన్ని ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

అపోహ: 50 మీటర్లు అని రాసి ఉంది, ఈతకు పెట్టుకోవచ్చు

ఆ అంకె ల్యాబులో కొత్త వాచీకి, కదలని స్థితిలో చేసిన ఒత్తిడి పరీక్షది. క్రోనోగ్రాఫ్‌కు కీ గుండీతో పాటు రెండు బటన్లు, అంటే నీళ్ళు దూరడానికి ఇంకో రెండు దారులు. తడిలో బటన్లు నొక్కవద్దు. వేడినీళ్ళ స్నానానికి తీసేయండి.

అపోహ: స్టాప్‌వాచ్ ఎప్పుడూ నడుస్తూ ఉంటేనే మెషిన్ బాగుంటుంది

కొందరు పెద్ద సెకండ్ల ముల్లు తిరుగుతుంటే అందంగా ఉంటుందని ఆపరు. పాత పద్ధతి క్లచ్ ఉన్నవాటిలో స్టాప్‌వాచ్ ఆన్ చేస్తే మెషిన్ మీద భారం పడుతుంది. పరీక్ష యంత్రం మీద పెడితే, అటూ ఇటూ ఊగుతూ వాచీని నడిపించే బ్యాలెన్స్ చక్రం ఊపు 20, 30 డిగ్రీలు పడిపోవడం నాకు కనిపిస్తుంది. నిలువు క్లచ్ ఉన్నవాటిలో ఈ తేడా తక్కువ. అలాగని నెలల తరబడి నొక్కకుండా ఉంచడమూ మంచిది కాదు. వారానికోసారి వాడండి. ఆపకుండా రీసెట్ మాత్రం నొక్కవద్దు, నడుస్తుండగానే రీసెట్ చేయడానికి వీలున్న ఫ్లైబ్యాక్ రకానికి తప్ప.

దేనికి వాడాలి అంటారా? అంచు మీద ట్యాకీమీటర్ (వేగం చూపే అంకెల వరుస) ఉంటే, ఔటర్ రింగ్ రోడ్డు మీద పక్క సీట్లో కూర్చుని ఒక కిలోమీటరు రాయి దగ్గర నొక్కి, తర్వాతి రాయి దగ్గర ఆపండి. 36 సెకండ్లు పడితే ముల్లు 100 దగ్గర ఉంటుంది, అదే మీ వేగం. 1970 ఏప్రిల్‌లో చంద్రుడి దగ్గరికి బయలుదేరిన అపోలో 13 నౌక ప్రమాదంలో పడ్డప్పుడు దారి సరిచేయడానికి ఇంజన్ 14 సెకండ్లు మండించాల్సి వచ్చింది. అందులోని వ్యోమగామి జాక్ స్విగర్ట్ ఆ సెకండ్లను లెక్కపెట్టింది చేతి వాచీతోనే.

అపోహ: బాక్సు, కార్డు ఉంటే అది అసలు వాచీయే

బాక్సులు, కార్డులు కూడా నకిలీవి దొరుకుతున్నాయి. అంతకన్నా కష్టమైనది సగం అసలు, సగం నకిలీ వాచీ. కేసు అసలుది, డయల్ వేరేది, మెషిన్‌లో కొన్ని ముక్కలు ఇంకెక్కడివో. డబ్బు కట్టేముందు అమ్మేవాళ్ళ సమక్షంలోనే వెనక మూత తెరిపించి మెకానిక్‌కు చూపించండి. ఒప్పుకోకపోతే అక్కడితో ఆపేయండి. తర్వాత మీరే పది నిమిషాలు కూర్చోండి. స్టార్ట్ నొక్కితే ముల్లు గెంతకుండా బయలుదేరాలి. చిన్న డయళ్ళలో నిమిషాల ముల్లు కదలాలి, కొన్ని నకిలీల్లో అది బొమ్మే. రీసెట్ నొక్కితే అన్ని ముళ్ళూ సరిగ్గా సున్నా మీద ఆగాలి. ఒక్క గీత పక్కకు ఉన్నా సర్వీసు ఖర్చు బేరంలో తగ్గించమని అడగాలి.

గచ్చిబౌలి అబ్బాయి ఆ నాలుగున్నర లక్షల వాచీని నా దగ్గరికి తెప్పించాడు. రీసెట్ కొడితే ముల్లు రెండు గీతల అవతల ఆగింది. తెరిస్తే స్క్రూల తలలన్నీ చెదిరి ఉన్నాయి, ఎవరో అలవాటు లేని చేత్తో విప్పినట్టు. కొనలేదు. మూడు నెలలు ఆగి, సెల్లిటా అనే కంపెనీ మెషిన్ ఉన్న కొత్త ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ రెండు లక్షల లోపు తీసుకున్నాడు. ఇప్పుడు నెక్లెస్ రోడ్డు మీద వాళ్ళ పాప స్కేటింగ్ చేస్తుంటే దానితోనే టైమ్ చూస్తున్నాడట. మొదటి సర్వీసు ఎప్పుడో నా పుస్తకంలో తారీఖు రాయించుకుని వెళ్ళాడు.