చరణ్‌జిత్ సింగ్ పది రాగాల ఆల్బమ్: అపోహలు - వాస్తవాలు

బొంబాయి సినీ స్టూడియోల్లో వాద్యకారుడిగా పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అనే ఆల్బమ్‌ను రికార్డు చేశారు. దరువుకు టీఆర్-808, బేస్‌కు టీబీ-303, బాణీకి జూపిటర్-8 కీబోర్డు వాడారు. మూడూ రోలాండ్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ వాద్యాలే: మొదటిది దరువు యంత్రం, మిగతా రెండూ విద్యుత్తుతో ధ్వనిని పుట్టించే సింథసైజర్లు. సింథసైజర్లతో పనిచేసే నేను దీన్ని ఎవరికి వినిపించినా మొదటిసారి అవే అభ్యంతరాలు వినిపిస్తాయి. ఆ అభ్యంతరాలకు జవాబు చెప్పకపోతే ఒక గొప్ప పని మరుగున పడిపోతుందన్నదే నా బాధ.

అపోహ: పది పాటలూ ఒకేలా ఉంటాయి, ఒకటి వింటే చాలు.

వాస్తవం: మొదటిసారి అలా అనిపించడం సహజమే. డిస్కో దరువు దాదాపు మారకుండా సాగుతుంది, మన చెవి ముందుగా పట్టుకునేది కూడా దాన్నే. నాలుగైదు సార్లు విన్న తర్వాత ఆ దరువు తెలిసిన సంగతైపోయి, ధ్యాస దానిమీద నుంచి తొలగి బాణీ వైపు మళ్ళుతుంది. లలిత్ రాగంలో పంచమం లేకుండా రెండు మధ్యమాలూ ఎలా మెలిగాయో, మాల్కౌంస్ ఐదు స్వరాలతోనే అంత గాంభీర్యాన్ని ఎలా నిలబెట్టిందో అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత చెవి బేస్ వైపు దిగుతుంది. టీబీ-303లో పదహారు స్టెప్‌ల (స్వర స్థానాల) వరుసను ముందే పొందుపరచి, ఏ స్వరం గట్టిగా పలకాలో, ఏది తర్వాతి స్వరంలోకి జారాలో విడివిడిగా నిర్ణయించవచ్చు. ధ్వనిని వడకట్టే ఫిల్టర్ మీటను తిప్పితే అదే వరుస మొద్దుగానో పదునుగానో మారుతుంది. స్వరాలు మారకపోయినా వాటి రంగు మారుతూ ఉంటుంది కనుక, ఆ మార్పును గమనించడానికే కొన్ని వినికిళ్ళు పడతాయి.

అపోహ: పదేపదే వింటే ఏ సంగీతమైనా నచ్చుతుంది, ఇందులో ఆల్బమ్ గొప్పతనం ఏమీ లేదు.

వాస్తవం: పరిచయం పెరిగితే ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో చూపిన మాట నిజమే. అయితే పరిచయం మితిమీరితే విసుగు కూడా పుడుతుంది. మిక్సింగ్ పనిలో ఒకే పాటను రోజంతా వినే మాకు ఇది బాగా తెలుసు, చాలా పాటలు సాయంత్రానికే వెలవెలబోతాయి. నిలిచే రికార్డులో ఒక పొర తెలిసిపోయాక దాని వెనుక ఇంకొకటి దొరుకుతుంది. ఇక్కడ దొరికేది రాగం.

అపోహ: ఇది యంత్రం వాయించిన సంగీతం, ఇందులో గమకానికి చోటు లేదు.

వాస్తవం: దరువు, బేస్ యంత్రాలవే కానీ, పైన వినిపించే బాణీ చేయి తిరిగిన వాద్యకారుడిది. జూపిటర్-8లో ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే సదుపాయం ఉంది. వీణ మీద పలికే గమకమంతా దానితో రాదు, కానీ జారు మాత్రం చక్కగా వస్తుంది.

అపోహ: ‘తోడి’ అని పేరు పెట్టి వేరే రాగం వాయించారు.

వాస్తవం: కర్ణాటక సంగీతం తెలిసినవారే ఇలా అంటారు. ఇవి హిందుస్తానీ రాగాలు. అక్కడి తోడి స్వరాలు మన శుభపంతువరాళివి, అక్కడి కళావతి మన వలజికి దగ్గర. భూపాలీని మోహనంగా, మాల్కౌంస్‌ను హిందోళంగా మన చెవి వెంటనే గుర్తుపడుతుంది కనుక తెలుగు శ్రోతలు ఆ రెండింటితో మొదలుపెట్టడం మంచిది.

అపోహ: షికాగో యాసిడ్ హౌస్ ఈ ఆల్బమ్‌కు నకలు.

వాస్తవం: యాసిడ్ హౌస్ అంటే టీబీ-303 ధ్వని ప్రధానంగా షికాగోలో పుట్టిన ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం. అది ఈ ఆల్బమ్‌కు నకలు అనడానికి ఆధారం లేదు. టీబీ-303 మార్కెట్లో విఫలమై పాత సరుకుగా చౌకకు దొరికినప్పుడు షికాగో యువకులు దాన్ని కొని, మీటలు తిప్పి చూసి తమ దారి తామే కనుక్కున్నారు. ఆ శైలి తొలి రికార్డుల్లో ఒకటైన ఫ్యూచర్ బృందం ‘యాసిడ్ ట్రాక్స్’ 1987లో వచ్చింది. బొంబాయి రికార్డు 2010లో తిరిగి విడుదలయ్యే వరకు బయటి ప్రపంచానికి దాదాపు తెలియదు, అప్పుడు కూడా కొందరు దాన్ని నకిలీ అని అనుమానించారు. 2015లో కన్నుమూసిన సింగ్ గారికి ‘మొదటివాడు’ అనే బిరుదు కంటే, పది రాగాలనూ శ్రద్ధగా వినే శ్రోతలు దక్కడమే న్యాయమని నా అభిప్రాయం.

అపోహ: ఫోన్ స్పీకర్‌లో వింటే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. అంత చిన్న స్పీకర్ లోతైన ధ్వనులను పలికించలేదు కనుక 808 దరువు బరువు పోతుంది, 303 సగం మాయమవుతుంది. సాధారణమైన హెడ్‌ఫోన్స్ అయినా చాలు.