కొత్త డిష్‌వాషర్ కింద నీళ్లు: అపోహలు - వాస్తవాలు

డిష్‌వాషర్లు బిగించడం, రిపేర్ చేయడం నా పని. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, మియాపూర్, మణికొండ వైపు అపార్ట్‌మెంట్లలో ఎక్కువ తిరుగుతుంటాను. కొత్త మెషిన్ పెట్టిన వారంలోపు ఫోన్ వచ్చిందంటే చాలాసార్లు ఒకటే మాట: "అన్నా, కింద నీళ్లొస్తున్నయ్, పీస్ మార్పించెయ్." ఎక్కడ కారుతోందో తర్వాత చూద్దాం, ముందు ఎప్పుడు కారుతోందో చెప్పమంటాను.

అపోహ: కింద తడి కనిపిస్తే మెషిన్ డిఫెక్టే.

వాస్తవం: మెషిన్ ఆఫ్‌లో ఉండగా, ఊరికే ట్యాప్ తిప్పి ఉంచినా తడి వస్తోందంటే అది ట్యాప్ దగ్గరి జాయింటో, మెషిన్‌లోకి నీళ్లు తెచ్చే ఇన్‌లెట్ పైపో. గిన్నెలు కడుగుతున్నంతసేపూ వస్తుంటే తలుపు సంగతి చూడాలి. గుడగుడమంటూ వాడిన నీళ్లు బయటికి తోసేటప్పుడు మాత్రమే వస్తే డ్రెయిన్ పైపు. మడుగు ఉన్నచోటే లీకు ఉందనుకోవద్దు, నేల వాలు ఎటుంటే నీళ్లు అటు పోతాయి. అంతా పొడిగా తుడిచి, జాయింట్ల కింద పేపర్ ముక్కలు పరిచి ఒక సైకిల్ నడపండి, ఏ ముక్క ముందు తడిసిందో చూడండి. స్విచ్ బోర్డు వైపు తడి వెళ్లి ఉంటే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు, మెయిన్ ఆపేసి పిలవండి.

అపోహ: పానాతో ఇంకా గట్టిగా బిగించి, నాలుగు చుట్లు టెఫ్లాన్ టేప్ వేస్తే ఆగిపోతుంది.

వాస్తవం: కొత్త ఫిట్టింగుల్లో నేను ఎక్కువగా చూసే లీకు ఇదే. గోడలోకి పోయే మరలకు టేప్ కావాలి, కాదనను. కానీ మెషిన్ పైపు చివర ఉండే ప్లాస్టిక్ నట్టు మరల వల్ల సీల్ అవ్వదు, లోపలున్న రబ్బరు వాషర్ ట్యాప్ అంచుకు చదునుగా ఆనుకుంటేనే సీల్ అవుతుంది. టేప్ చుట్టేకొద్దీ నట్టు సగంలోనే బిగుసుకుపోయి వాషర్ అంచుదాకా చేరదు, పైగా పానాతో తిప్పితే ప్లాస్టిక్ చిట్లుతుంది. చేత్తో బిగించి, ఆపైన పావు తిప్పు చాలు. మన ఇళ్లలో ఇంకో తిరకాసు ఉంది. సింకు కింద ఉండే యాంగిల్ కాక్ మూతి మామూలుగా అర అంగుళం, డిష్‌వాషర్ నట్టు ముప్పావు అంగుళం. మధ్యలో ప్లంబర్ ఏదో ఒక అడాప్టర్ వేస్తాడు, దాని మూతి గరుకుగానో వంకరగానో ఉంటే ఎంత కొత్త వాషర్ వేసినా బొట్టు బొట్టు కారుతూనే ఉంటుంది. అప్పుడు మొదలవుతుంది పంచాయితీ, ప్లంబర్ మెషిన్ అంటాడు, ఇన్‌స్టలేషన్‌కి వచ్చినాయన ప్లంబర్ అంటాడు. నట్టు విప్పి, మూతి మీద వేలు తిప్పి చూస్తే తేలిపోయే విషయం ఇది. వాషింగ్ మెషిన్‌కి పెట్టే ముప్పావు అంగుళం ట్యాపే వేయించుకుంటే ఈ గొడవే లేదు.

అపోహ: లెవెల్ చూడటం అందం కోసం.

వాస్తవం: మన యుటిలిటీ బాల్కనీల్లో నేలను జాలీ వైపు వాలుగా వేస్తారు. మెషిన్ కూడా అటే, అంటే ముందుకు ఒరిగిందంటే లోపలి నీళ్లు తలుపు అంచుకు చేరి అక్కడినుంచి జారతాయి. కాళ్లు తిప్పి సరిచేస్తే సరిపోయేదానికి తలుపు రబ్బరు గాస్కెట్ మార్పించినవాళ్లు ఉన్నారు. తలుపు కింది అంచు కూడా ఓసారి వేలితో తడమండి, కొత్త మెషిన్‌లో థర్మోకోల్ పలుకో ప్యాకింగ్ టేప్ ముక్కో దొరుకుతుంది, నెల తర్వాత కరివేపాకు దొరుకుతుంది. అలాగే పెద్ద కడాయిని తలుపు వైపు వాల్చి పెడితే నీటి ధార దానికి తగిలి నేరుగా సందులోకి కొడుతుంది, దాన్ని వెనక్కి జరిపితే చాలు. సిలికాన్ పూయడం, ఎమ్‌సీల్ పెట్టడం మాత్రం దయచేసి వద్దు.

అపోహ: అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేస్తే ఏం కాదు.

వాస్తవం: అవుతుంది. నురగ పొంగి తలుపు సందుల్లోంచి బయటికొస్తుంది, మెషిన్ అడుగున ఉండే ట్రేలోకీ దిగుతుంది. మెషిన్ ఆపి, నురగ తోడేసి, చల్లనీళ్లు పోసి డ్రెయిన్ చేసి, ఏమీ వేయకుండా రిన్స్ నడపండి. మొదటిసారి రిన్స్ ఎయిడ్ (గిన్నెల మీద నీటి మరకలు పడకుండా పోసే ద్రవం) పోస్తూ ఒలకబోసినా ఇదే కథ, కాబట్టి ఒలికింది గుడ్డతో తుడిచేయండి.

అపోహ: ఉప్పు పోస్తుంటే నీళ్లు పొంగాయి, ట్యాంకు పగిలినట్టుంది.

వాస్తవం: అది మామూలే. ఈ ఉప్పు నీళ్ల గట్టిదనం తగ్గించడానికి మెషిన్ లోపలి ట్యాంకులో వేసేది, అది వెళ్లేకొద్దీ నీళ్లు పైకొస్తాయి. మూత సరిగ్గా బిగించి వెంటనే ఒక సైకిల్ వేయండి, ఉప్పునీళ్లు స్టీలు మీద నిలవకూడదు. గట్టి నీళ్లొచ్చే బోరు, ట్యాంకర్ నీళ్ల ఇళ్లలో ఉప్పు మానేద్దామనే ఆలోచన పెట్టుకోవద్దు.

అపోహ: బయట నీళ్లు ఆగిపోయాయి, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: చాలా మోడళ్లలో అడుగున ట్రే, అందులో ఒక ఫ్లోట్ ఉంటాయి. నీళ్లు చేరితే ఫ్లోట్ లేచి మెషిన్‌ని ఆపేస్తుంది, పంపు మాత్రం ఆగకుండా తిరుగుతుంటుంది. బాష్ మెషిన్‌లలో ఈ15 (E15) అనే ఎర్రర్ కోడ్ చూపించేది ఇదే. కొందరు మెషిన్‌ని వంచి ట్రే ఖాళీ చేసి మళ్లీ మొదలుపెడతారు, పనిచేస్తుంది కూడా, కానీ లీకు దొరకకుండా ట్రే ఒక్కటే ఖాళీ చేస్తే మళ్లీ నిండుతుంది. ప్లగ్ తీసి, ట్యాప్ కట్టేసి, కింది ప్యానెల్ జోలికి మీరు పోకుండా కంపెనీకే ఫోన్ చేయండి, వారంటీలో ఉండగా విప్పితే తర్వాత వాదన మీ మీదికే వస్తుంది. ఫోన్‌లో "లీకవుతోంది" అనడమే కాకుండా నీళ్లు తీసుకుంటున్నప్పుడా, కడుగుతున్నప్పుడా, తోసేస్తున్నప్పుడా అన్నది కూడా చెప్పండి, వచ్చేవాళ్లు సరైన పార్టు పట్టుకొస్తారు.