సెప్టెంబర్ 17 తర్వాత ఏం జరిగింది?

1948లో హైదరాబాద్ నిజాం భారత సైన్యానికి తలొగ్గిన సెప్టెంబర్ 17ను ఏ పేరుతో జరపాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. కేంద్రం 2022 నుంచి విమోచన దినం జరుపుతోంది. అదే ఏడాది అప్పటి తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. ప్రభుత్వం మారాక, 2024లో అది ప్రజాపాలన దినోత్సవం అయింది. కమ్యూనిస్టులు ముందు నుంచీ విలీనం అనే అంటున్నారు. వెట్టి, దొరల గడీలు, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల అరాచకం అందరికీ తెలిసినవే. ఈ తగాదాకు ముడి పడింది మాత్రం 1948 సెప్టెంబర్ 18 తర్వాత.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు సంస్థాన సైన్యం లాంఛనంగా లొంగిపోయింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యాడు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ అరెస్టయ్యాడు. విమోచన అనేవాళ్లు కథను ఇక్కడ ముగిస్తారు.

నల్లగొండ, వరంగల్ పల్లెల్లో కథ ముగియలేదు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు భూస్వామి దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాక, అక్కడి జనం కర్రలూ వడిసెలలూ పట్టారు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఆ ముగ్గురిలో మఖ్దూం ఉన్నాడన్న సంగతి, దీన్ని హిందూ ముస్లిం గొడవగా చెప్పేవాళ్లు తలచుకోరు. పార్టీ లెక్కల్లో సుమారు 3,000 గ్రామాలు సంఘం (ఆంధ్ర మహాసభ) చేతికొచ్చాయి, 10 లక్షల ఎకరాలు పంచారు. దొరలు గడీలు వదిలి పట్నం పారిపోయారు.

సైన్యం వచ్చాక ఆ దొరలే ఖద్దరు తొడుక్కుని ఊళ్లకు తిరిగొచ్చారు. పేదలు దున్నుకుంటున్న పొలాలు మళ్లీ లాక్కోవడం మొదలుపెట్టారు. నిజాం మీదికి వచ్చిన సైన్యం ఇప్పుడు సంఘం మీదికి మళ్లింది. ఊరూరా క్యాంపులు, చిత్రహింసలు. దళాలు గోదావరి అడవుల్లోకి వెళ్తే, వాటికి అన్నం పెడుతున్నారని కోయగూడేలను తగలబెట్టి జనాన్ని ఒకచోటికి తోలారు. మొత్తం పోరాటంలో 4,000 మంది కార్యకర్తలు, రైతులు చనిపోయారని పార్టీ చెబుతుంది.

రజాకార్లు పోయాక తుపాకులెందుకు, దళాలు హత్యలు చేస్తున్నాయి అన్నది ప్రభుత్వ వాదన. దళాలు దొరల్నీ, పోలీసు ఏజెంట్లని ముద్రపడిన వాళ్లనీ చంపిన మాట నిజమే. పోరాటం ఆపాలన్న మాట పార్టీలోపలా వచ్చింది. అన్నది రావి నారాయణరెడ్డే. చైనా దారిలో వెళ్దామన్న ఆంధ్ర నాయకత్వం వినలేదు. 1951 మొదట్లో నలుగురు నాయకులు మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిసొచ్చారు. ఆ అక్టోబర్‌లో పోరాటం విరమించారు.

1948లో సైన్యం వచ్చిన రోజుల్లోనే సంస్థానంలోని మరాఠీ, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద ఊచకోత జరిగింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ కనీసం 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. ఏ పార్టీ సభలోనూ ఈ చావుల ప్రస్తావన పెద్దగా రాదు.

పోరాటం పూర్తిగా వృథా పోలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, 1951 ఏప్రిల్‌లో వినోబా భావే పోచంపల్లికి వచ్చి భూదానం మొదలుపెట్టాడు. పల్లెలు తిరగబడకపోతే ఇవి ఇంత త్వరగా జరిగేవి కావు. 1952 ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో ఆయన పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరున నిలబడ్డాడు. అప్పటికి హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి అధిపతి, మీర్ ఉస్మాన్ అలీఖానే. 1956లో రాష్ట్రం విడిపోయే దాకా ఆ పదవి ఆయనదే.