బీజగణితంలో అక్షరం వస్తువు కాదు: పద సమస్యల చుట్టూ అపోహలు

అపోహ: చరరాశి, అంటే బీజగణితంలో రాసే క, బ వంటి అక్షరం, వస్తువుకు పెట్టిన పొట్టి పేరు.

ఏడో తరగతికి నేను తరచూ ఒక సమస్య ఇస్తుంటాను: ఒక్కో బస్తాలో 50 కొబ్బరికాయలు పడతాయి, కాయల సంఖ్య క, బస్తాల సంఖ్య బ అయితే వాటి మధ్య సంబంధాన్ని రాయండి. చురుకైన పిల్లలు కూడా తడుముకోకుండా 50క = బ అని రాసేస్తారు. యాభై కాయలు ఒక బస్తా అన్న మాటను వరుస చెడకుండా కాగితం మీద దించారు కనుక అది తప్పని చెబితే నమ్మలేరు.

వాస్తవం: క అంటే కొబ్బరికాయ కాదు, కాయలు ఎన్ని ఉన్నాయో చెప్పే సంఖ్య. రెండు బస్తాలుంటే కాయలు 100; ఈ విలువలను 50క = బ లో ప్రతిక్షేపిస్తే ఎడమవైపు 5000, కుడివైపు 2 వస్తాయి. క = 50బ లో మాత్రం రెండు వైపులా 100 వస్తుంది. కాయలే ఎక్కువ కనుక 50ని వాటి పక్కన పెట్టాలనిపించడం సహజమే, కానీ గుణించవలసింది తక్కువగా ఉన్న సంఖ్యను. 1980ల తొలినాళ్లలో అమెరికాలో ఇంజినీరింగు మొదటి సంవత్సరం విద్యార్థులను ఇలాంటి ప్రశ్నే అడిగితే మూడింట ఒక వంతుకు పైగా తప్పు రాశారు.

కాబట్టి ఇలా తప్పు రాసే పిల్లలకు బుర్ర లేదన్న పుకారును దయచేసి ఆపండి. శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, "మావోడికి లెక్కలు రావేటి మాస్టారూ?" అని కంటతడి పెట్టుకుంది. నాలుగు బస్తాలకు ఎన్ని కాయలని ఆమె ఎదుటే అడిగితే, తండ్రితో కాయల లెక్క చూసే ఆ పిల్లవాడు రెండొందలని వెంటనే చెప్పాడు. ఎలా వచ్చిందంటే నాలుగును యాభైతో గుణించానన్నాడు. నాలుగు ఉన్నచోట బ రాయమన్నాను, రాశాడు. మూడు మామిడిపళ్లు, రెండు అరటిపళ్లు కలిపితే 3మ + 2అ అని చెప్పే పాఠం తేలికగా కనిపించినా ఈ గందరగోళానికి బీజం వేసేది అదే, ఎందుకంటే అక్కడ మ అంటే సంఖ్య కాక మామిడిపండే అయిపోతుంది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశులను కాలక, నీలక వంటి రంగుల పేర్లతో పిలిచి కా, నీ అని రాశాడు. అక్కడ లెక్కించింది రంగులను కాదు కదా!

అపోహ: 3క + 5 వంటి ప్రతి బీజీయ సమాసానికీ జవాబు రాబట్టాలి.

సమాసంలో సమాన గుర్తు ఉండదు. సాధించడానికి అక్కడ ఏమీ లేదు.

అపోహ: 3క + 5ను 8కగా కుదించవచ్చు.

కుదించరాదు; క విలువ 2 అయితే మొదటిది 11, రెండోది 16. అయితే సరిచూసేటప్పుడు 1ని ఎంచుకోకండి, ఎందుకంటే అప్పుడు రెండూ 8 అయి తప్పు కాస్తా ఒప్పులా కనిపిస్తుంది.